యాభైకి ఎవరు పలికారు?

మా బావ జీడిపప్పు ఫ్యాక్టరీలో కరెంటు ఉంటే తూకం నడిచేది కాదు. కరెంటు పోతే నడిచేది.

ఫోన్లో ఈ మాట విన్నప్పుడు నవ్వొచ్చింది. బావ నవ్వలేదు. పొట్టు తీసే ఆడవాళ్ళకి అక్కడ కూలి కిలోల లెక్కన. వొలిచిన పప్పు తెచ్చి కాటా మీద పెడతారు, తమ టోకెన్ నంబరు చెబుతారు, ఆ బరువు ఆఫీసు గదిలో ఉన్న కంప్యూటర్లో ఎక్కుతుంది. ఎక్కితేనే శనివారం బట్వాడాలో డబ్బు. రెండు వారాలుగా కొన్ని తూకాలు అసలు ఎక్కడం లేదు. కొన్ని సున్నా అని ఎక్కుతున్నాయి. సున్నాలు పడేది షెడ్డు సూపర్వైజరు డ్యూటీలో ఉన్నప్పుడే. ఈ సంగతి కనిపెట్టింది బావ కాదు, షెడ్డులో వాళ్ళే. "ఆయన జేబులోకే ఎల్తన్నాయి మా కిలోలు" అని ఒకామె అందరి ముందూ అనేసింది. పదకొండేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న మనిషి. మాట పడి రెండు రోజులు పనికి రావడం మానేశాడు. ఆ రెండు రోజులూ ఒక్క సున్నా కూడా పడలేదు. ఇంక సాక్ష్యం ఏం కావాలి?

దసరాకి నేను ఎలాగూ ఊరెళ్తున్నాను. "ఒరే, నువ్వు చదివింది అదే కదా, ఓసారి చూడు" అన్నాడు బావ. నేను చదివింది టెక్కలిలో ఇంజనీరింగ్, ఉద్యోగం బెంగళూరులో సాఫ్ట్‌వేర్. ఊళ్ళో వాళ్ళ దృష్టిలో ప్రింటరు ఇరుక్కున్నా, టీవీ రాకపోయినా నేను చదివింది అదే. ఈసారి మాత్రం నిజంగానే అదే.

పలాస గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మునిసిపాలిటీ పేరే పలాస-కాశీబుగ్గ, రెండూళ్ళు కలిసి ఒకటి. జిల్లా పనులకి దక్షిణంగా శ్రీకాకుళం పోవాలి. రైల్వే వాళ్ళ హద్దు మాత్రం ఇక్కడే మారుతుంది. విశాఖ వైపు ఒక డివిజన్, ఒడిశా వైపు ఖుర్దా రోడ్ డివిజన్. ఒకే ఊరు, ఒక పనికి ఒక దిక్కు చూడాలి, ఇంకో పనికి ఇంకో దిక్కు. ఊరికి తూర్పున సముద్రం దాకా ఉద్దానం. జీడితోటలు, కొబ్బరితోటలు. ఆ జీడిపిక్కలూ, చాలనప్పుడు బయట దేశాల నుంచి తెప్పించిన పిక్కలూ కలిసి ఈ ఫ్యాక్టరీలకి మేత. పిక్క కొట్టేవాళ్ళ చేతులు జీడి నూనెకి నల్లబడి ఉంటాయి. పొట్టు తీసేవాళ్ళ పని చూడ్డానికి తేలిక. పప్పు విరక్కూడదు, ఎందుకంటే గుండుకి ఒక ధర, బద్దకి ఇంకో ధర, ముక్కకి ఇంకోటి. రోజంతా గోళ్ళతో, చిన్న కత్తితో చేసిన ఆ పని చివరికి కాటా మీద ఒక అంకె. ఆ అంకె పోతే రోజు పోయినట్టే.

కంప్యూటరు వెనక్కి వంగి చూస్తే వైర్ల చరిత్ర అంతా కనబడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఇక్కడే పలాస దగ్గర తీరం దాటింది. ఇక్కడివాళ్ళు ఇప్పటికీ ఏ సంగతైనా తిత్లీకి ముందు, తిత్లీ తర్వాత అని చెప్పుకుంటారు. రేకులు లేచిపోయిన షెడ్డుని మళ్ళీ కట్టినప్పుడు బావ కెమెరాలు పెట్టించాడు. ఆ కెమెరాల రికార్డరూ, తర్వాత కొన్న కాటా మిషనూ ఒక పాత స్విచ్‌కి తగిలించి, ఆ స్విచ్ నుంచి ఒక తీగ కంప్యూటరుకి. ఇంటర్నెట్ కావాలంటే ఫోన్ కేబుల్ గుచ్చేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఏ గొడవా లేదు.

మొన్న వినాయకచవితికి ముందు పిడుగు పడి కంప్యూటర్లో నెట్‌వర్క్ పోర్టు కాలిపోయింది. మదర్‌బోర్డుతో పాటు వచ్చిన పోర్టు అది. అదే వారంలో ఇంటర్నెట్ ఫైబర్ లైను కూడా వచ్చింది. షాపతను వచ్చి రెండు కొత్త కార్డులు వేశాడు. ఒకటి షెడ్డు తీగకి, ఒకటి ఫైబర్ డబ్బాకి. షెడ్డు కార్డుకి పాత నంబరే, 192.168.1.100, ఇవ్వబోతే విండోస్ అడ్డం చెప్పింది. ఈ చిరునామా ఇప్పటికే ఇంకో అడాప్టరుకి ఇచ్చి ఉంది, ఆ అడాప్టరు ఇప్పుడు కంప్యూటర్లో లేదు, తీసెయ్యమంటారా అని. లేనివాడి పేరు మీద ఉన్నదాన్ని కదిపితే ఏమవుతుందోనని అతను వద్దని నొక్కి, 101 ఇచ్చి వెళ్ళిపోయాడు. తూకం గొడవ మొదలయ్యాక మళ్ళీ పిలిస్తే ఆ మెసేజ్ గుర్తుపెట్టుకుని, "అడ్రస్ కాన్‌ఫ్లిక్ట్ సార్, మొత్తం ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్ళీ వెయ్యాలి" అన్నాడు. తూకాల డేటా అంతా అందులోనే ఉంది. నేను వచ్చేదాకా ఆగమన్నానని బావ ఆపాడు గానీ లేకపోతే అది కూడా పోయేది.

ఆ మెసేజ్ నిజమే చెబుతోంది. కార్డు కాలిపోయినా, పీకేసినా, విండోస్ దాని పేరూ నంబరూ రిజిస్ట్రీలో అలాగే ఉంచుకుంటుంది. మనిషి పోయినా రేషన్ కార్డులో పేరు కొన్నాళ్ళు ఉన్నట్టు. డివైస్ మేనేజర్ తెరిచి, వ్యూ మెనూలో దాచిన పరికరాలు చూపించమంటే ఇలాంటివి వెలిసిపోయిన రంగులో కనబడతాయి. అక్కడ నాలుగు కనబడ్డాయి. కాలిన పోర్టు, ఎప్పటిదో వైఫై డాంగిల్, రెండు ఫోన్ల తాలూకు జాడలు. ఒక్కొక్కదాన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేశాను. రెండు నిమిషాల పని. కానీ తూకం పోవడానికి కారణం అది కాదు. కాలిపోయిన కార్డు ఎవరితోనూ మాట్లాడదు, కాబట్టి ఎవరితోనూ గొడవపడదు. తగాదా బతికున్న రెండు కార్డుల మధ్య ఉంది. దాని గురించి విండోస్ ఒక్క ముక్క అనలేదు.

చిరునామా అనే మాటని చాలామంది చిరు, నామం అని విడదీసి చిన్న పేరు అనుకుంటారు. అది సంస్కృతమూ కాదు, అచ్చ తెలుగూ కాదు. పారసీ సర్‌నామా, ఉత్తరం నెత్తిన రాసే మాట. అంటే చిరునామా మనిషికి సంబంధించింది కాదు, అతనికి ఉత్తరం ఏ దారిన చేరాలో దానికి సంబంధించింది. నెట్‌వర్కులో కూడా అంతే. 192.168.1.50 అనేది కాటా మిషను పేరు కాదు. 192.168.1 అనే వీధిలో యాభయ్యో ఇల్లు.

చిక్కంతా ఆ వీధితోనే. ఇళ్ళల్లో, ఆఫీసుల్లో సొంతంగా వాడుకోమని 1996 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే పత్రం కొన్ని నంబర్లను విడిగా పెట్టింది. అందులో 192.168తో మొదలయ్యేవే 65,536. పక్కపక్కనే 256 వీధులు వేసుకోవచ్చు. అయినా డబ్బాలు తయారుచేసేవాళ్ళు దాదాపు అందరూ 192.168.0 దగ్గరో, 192.168.1 దగ్గరో కాపురం పెడతారు. ఉద్దానంలో ఏ ఊరెళ్ళినా ఒక రామమందిరం వీధి ఉన్నట్టు. బారువలో ఒకటున్నా, కవిటిలో ఒకటున్నా ఎవరికీ ఇబ్బంది లేదు. రెండూళ్ళకీ ఒకే పోస్ట్‌మాన్‌ని పెట్టి, కవర్ మీద ఊరి పేరు రాయకుండా "రామమందిరం వీధి, యాభయ్యో ఇల్లు" అని చేతిలో పెడితే ఏమవుతుంది? పాపం, అతను దగ్గరున్న ఊరికి వెళ్తాడు.

కంప్యూటర్లో రెండు కార్డులు వెయ్యడమంటే ఆ పోస్ట్‌మాన్‌ని పెట్టడమే. షెడ్డు నెట్‌వర్కు 192.168.1. ఫైబర్ డబ్బా పంచేది కూడా 192.168.1. యాభైకి ఏదైనా పంపాలంటే రెండు తలుపులూ సరైనవే. అప్పుడు విండోస్ మెట్రిక్ అనే అంకె చూస్తుంది. ఏ కార్డు లింకు వేగం ఎక్కువో దానికి తక్కువ మెట్రిక్, తక్కువున్న దానికే పని. ఫైబర్ డబ్బా గిగాబిట్. షెడ్డులో పాత స్విచ్ వంద మెగాబిట్లది. కాబట్టి కాటాకి పోవాల్సిన ప్రతి ప్రశ్నా ఫైబర్ వైపు పోయింది. అక్కడ కాటా లేదు.

కరెంటు పోతే? కంప్యూటరూ, షెడ్డు స్విచ్చూ, కాటా ఇన్వర్టరు మీద ఉన్నాయి. ఫైబర్ డబ్బా లేదు. అది ఆరిపోగానే ఆ కార్డు లింకు తెగుతుంది, దాని దారులు పట్టికలోంచి పోతాయి, మిగిలిన ఒక్క తలుపులోంచి ప్రశ్న షెడ్డుకి వెళ్తుంది, కాటా పలుకుతుంది. బావకి ఇంతవరకూ చెబితే, "మరి సున్నాలేంటి?" అన్నాడు. సరైన ప్రశ్నే.

నంబరు తెలిస్తే చాలదు, ఆ నంబరు ఏ కార్డుదో తెలియాలి. దానికి ఏఆర్‌పీ అనే పద్ధతి ఉంది. 1982 నవంబరులో డేవిడ్ ప్లమర్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 826, ఇప్పటికీ నడుస్తున్నది అదే. చాలా సాదా పద్ధతి. షెడ్డు గుమ్మంలో నిలబడి "లక్ష్మీ!" అని కేకెయ్యడమే. ఎవరు పలికితే వాళ్ళే లక్ష్మి. రుజువులు అడగరు. షెడ్డులో నిజంగా ముగ్గురు లక్ష్ములున్నారు. అందుకే సూపర్వైజరు "హరిపురం లక్ష్మీ" అని ఊరు కలిపి పిలుస్తాడు. ఏఆర్‌పీకి ఆ తెలివి లేదు.

సూపర్వైజరుని రమ్మని కబురు పెట్టి, వచ్చాక తూకం వేయించి, కమాండ్ తెరలో ఏఆర్‌పీ పట్టిక చూశాను. ఫైబర్ కార్డు కింద 192.168.1.50 ఉంది. దాని ఎదురుగా పలికినవాడి మ్యాక్ అడ్రసు, డి6తో మొదలవుతోంది. కాటా వెనక స్టిక్కరు మీద ఉన్న మ్యాక్ అది కాదు. అంటే యాభై అని పిలిస్తే ఇంకెవరో పలికారు. ఎవరన్నది ఆ రెండో అక్షరంలోనే తెలుస్తుంది. మ్యాక్‌లో రెండో అంకె 2, 6, ఏ, ఈలలో ఒకటైతే అది ఫ్యాక్టరీలో వేసిన నంబరు కాదు, సాఫ్ట్‌వేరు అప్పటికప్పుడు కల్పించుకున్నది. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు తమ అసలు నంబరు బయటపెట్టకుండా ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ నంబరు చెప్పుకుంటున్నాయి. కాబట్టి ఇది ఫోనై ఉండాలి. ఫైబర్ డబ్బాలోకి లాగిన్ అయి వైఫైలో ఎవరెవరున్నారో చూస్తే, యాభయ్యో నంబరు సూపర్వైజరు ఫోనుది.

మొదటిసారి వైఫైకి కలిసినప్పుడు డబ్బా అతనికి 50 ఇచ్చింది. అటుపక్క తీగ మీద ఒక కాటా ఎప్పటినుంచో 50గా బతుకుతోందని దానికి తెలిసే దారి లేదు. ఒకసారి ఇచ్చిన నంబరే మళ్ళీ అదే ఫోనుకి ఇవ్వడం దానికి అలవాటు. అతను ఆఫీసుకి రాగానే ఫోను దానంతటదే వైఫైలో చేరుతుంది. కంప్యూటరు "యాభై ఎవరు?" అంటుంది. అతని జేబులోంచి ఫోను "నేనే" అంటుంది. "కాటా మీద ఎంతుంది?" "ఆ సంగతి నాకు తెలీదు."

జేబులోకే ఎల్తన్నాయి అన్న ఆమె మాట అక్షరాలా నిజం. దొంగతనం ఒక్కటే అబద్ధం.

మరి కాన్‌ఫ్లిక్ట్ ఉంటే విండోస్ చెబుతుంది కదా అని అడగొచ్చు. చెబుతుంది, ఇద్దరూ ఒకే గదిలో ఉంటే. 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5227 చెప్పే పద్ధతి కూడా కేక మీదే ఆధారపడింది. ఒక నంబరు వాడుకోబోయే ముందు ఆ నంబరుని పిలిచి చూడాలి, ఎవరైనా పలికితే మానుకోవాలి. కానీ కాటా ఒక తీగ మీద, ఫోను ఇంకో తీగ మీద. ఒకరి కేక ఇంకొకరికి వినబడదు. ఎవరి ఊళ్ళో వాళ్ళు న్యాయంగానే ఉన్నారు. ఇద్దరినీ తెలిసినది మధ్యలో ఉన్న కంప్యూటరొక్కటే. అది తెలుసుకోవడం తన పని అనుకోలేదు. చచ్చిపోయిన కార్డు గురించి తెర మధ్యలో పెట్టె కట్టి మరీ అడిగిన విండోస్, రెండు బతికున్న కార్డులకి ఒకే వీధి ఇస్తుంటే ఊరుకుంది.

ఇక్కడో పిడకలవేట. చిరునామా కార్డుదా, మొత్తం యంత్రానిదా అన్న వాదన 1989లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1122 నాటికే ఉంది. కార్డుదే అంటే బలమైన పద్ధతి, యంత్రానిదంటే బలహీన పద్ధతి అని అందులో రెండు మార్గాలు చర్చించి, రెండిట్లో ఏదీ తప్పనలేదు. విండోస్ విస్టా నుంచి మొదటి మార్గంలో నడుస్తోంది. లైనక్స్ మామూలుగా రెండోది. అందులో రెండు కార్డులూ ఒకే తీగ మీద ఉంటే, ఒక కార్డు నంబరు పిలిచినా రెండో కార్డు కూడా పలుకుతుంది. ఆఫీసులో సర్వర్లకి ఏఆర్‌పీ ఇగ్నోర్, ఏఆర్‌పీ అనౌన్స్ అనే రెండు సెట్టింగులు మార్చి దాన్ని అదుపులో పెడుతుంటాం. రావిశాస్త్రి గారు 'జాస్మిన్' అన్న పేరుతో కూడా కథలు రాశారు. జాస్మిన్ పేరున వచ్చిన ఉత్తరాన్ని రాచకొండ విశ్వనాథశాస్త్రి అందుకోవచ్చా? లైనక్స్ అయితే అందుకుంటుంది. ఒకే మనిషి కదా అంటుంది. విండోస్, ఆ తలుపు వేరు అంటుంది. నాకు లైనక్స్ అలవాటే గానీ, ఈ విషయంలో విండోస్ మాటే నచ్చుతుంది. ఒక పేరుతో ఒప్పుకున్న పనికి ఇంకో పేరుతో జవాబు చెప్పడం మొదలుపెడితే ఎవరు ఎక్కడ పలికారో తేల్చుకోలేం.

బాగుచెయ్యడం చెప్పుకోదగ్గంత పని కాదు. షెడ్డు వీధిని మార్చేశాను, 192.168.77 అని. మొదట కాటా మిషను దగ్గరకెళ్ళి దాని మీటలతోనే నంబరు మార్చాలి. తర్వాత రికార్డరు. ఆఖర్న కంప్యూటరు కార్డు. ముందు కంప్యూటరుదే మార్చేసి, ఆ తర్వాత కాటాని ఇక్కణ్ణుంచి మార్చుకుందాం అనుకుంటే అప్పటికి దారి ఉండదు. షెడ్డు కార్డులో గేట్‌వే గడి ఖాళీగానే ఉండాలి, ఎందుకంటే ఆ తీగ చివర ఇంటర్నెట్ లేదు, అటు పంపి ఉపయోగం లేదు. తూకం ప్రోగ్రాములో కాటా నంబరు ఒక ఫైల్లో ఉంది, అదీ మార్చాను. కంట్రోల్ పానెల్లో కార్డుల పేర్లు ఈథర్‌నెట్ 5, ఈథర్‌నెట్ 6 అని ఉన్నాయి. వాటిని 'షెడ్డు', 'నెట్' అని మార్చి, వెనక తీగలకి అవే పేర్లు రాసిన టేపు చుట్టాను. ఈ ఒక్క పని షాపతను మొదట్లో చేసి ఉంటే సగం వెతుకులాట తప్పేది.

అసలు పని తర్వాత ఉంది. షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి బావ నన్నే చెప్పమన్నాడు. లక్ష్మీ అని పిలిస్తే వేరే ఊరి లక్ష్మి పలికినట్టు, అని మొదలుపెట్టాను. హరిపురం లక్ష్మి నవ్వింది. సూపర్వైజరు ఫోను చేతిలో పట్టుకుని, "అయితే బాబూ, అవి ఇందులో ఇంకా ఉన్నాయేటి?" అన్నాడు. లేవు, ఫోను దేన్నీ తీసుకోలేదు, నా దగ్గర లేదని చెప్పి తిప్పి పంపింది అన్నాను. అప్పుడు ఆ మాట అన్న పెద్దామే మళ్ళీ అందుకుంది. "నాకాడ నేదు అని ఫోను సెప్పింది. బాగున్నాది. మరి కంపూటరు సున్నా అని ఎందుకు రాసుకుంది? నేదు అనడం, సున్నా అనడం ఒకటేనేటి బాబూ?"

ఇరవైమంది ఇంజనీర్లున్న సమావేశాల్లో కూడా నేను ఇంత సూటి ప్రశ్న వినలేదు. ఎవరూ పలక్కపోతే మిషన్ దొరకలేదని ప్రోగ్రాము చెబుతుంది. గుమాస్తా అప్పుడు పుస్తకంలో రాసుకుంటాడు. సూపర్వైజరు రాని రెండు రోజులూ జరిగింది అదే. కానీ ఎవరో పలికి, కాదు పొమ్మంటే ఏం చెయ్యాలో ఆ ప్రోగ్రాము రాసినవాళ్ళు ఆలోచించలేదు. బరువు గడి ఖాళీగా ఉంటే అది సున్నాగా ముద్రపడింది. ఒకటి కాదమ్మా అని ఒప్పుకున్నాను.

ఆమెకి అప్పటికే తెలిసిన జవాబది. "అయితే మా డబ్బులు?"

సున్నా పడిన ప్రతి వరసలోనూ టోకెన్ నంబరూ, వేళా ఉన్నాయి. అంటే ఆ మనిషి ఆ వేళకి కాటా దగ్గర నిలబడిందన్నమాట. ఒక్కొక్కరికీ ఎన్ని సున్నాలున్నాయో లెక్కతీశాం. మామూలు రోజుల్లో తూకానికి సగటున ఎంత వస్తుందో ఎవరిది వాళ్ళకి కట్టి, ఆ లెక్కన ఇవ్వమన్నాను. బావ కాసేపు గొణిగాడు. పప్పు స్టాకు పుస్తకంలో కిలోలు సరిగ్గా ఉన్నాయి కదా, సరుకు నీ దగ్గరికే వచ్చింది కదా అంటే ఒప్పుకున్నాడు. ముగ్గురు మాత్రం సగటుకి ఒప్పుకోలేదు. పండగ ముందు ఎక్కువ గంటలు కూర్చున్నాం, మాకు సగటు కట్టకూడదు అన్నారు. వాళ్ళు ఎన్నింటికి లేచి వెళ్ళారో షెడ్డు కెమెరా రికార్డరులో ఉంటుందని చెప్పింది సూపర్వైజరే. తనే కూర్చుని ఆ మూడు రోజుల రికార్డింగూ తిప్పి చూశాడు. శనివారం నేను బెంగళూరు రైలెక్కే వేళకి ఇద్దరి లెక్క తేలింది. మూడో ఆమె కూర్చున్న మూల కెమెరాకి అందదు. ఆమె చెప్పిన కిలోలే రాసుకోమన్నాడు సూపర్వైజరు. బావ ఇంకా ఆలోచిస్తున్నాడు.